పిల్లల చేతికి ఏ పుస్తకము?



మన సమాజ గ్రంథాలయమునకు పిల్లల పుస్తకములు కొనవలెనని సంకల్పించి, ఎంపికను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను పండితుడను కాను. నా అర్హత యంతయు నేను చేసిన యొక పొరపాటే.

పన్నెండేండ్ల మా అమ్మాయి ఢిల్లీలోనే పుట్టి పెరిగినది. తెలుగు చక్కగా మాటలాడును. చదువుట మాత్రము కూడబలుకుకొనియే. అందుచే పసిపిల్లల బొమ్మల పుస్తక మొకటి తెచ్చి యిచ్చితిని. రెండు పుటలు త్రిప్పి, "నాన్నగారూ, ఇది తమ్ముడికి ఇవ్వండి" అని తిరిగి యిచ్చివేసినది. నేను ఆమె చదువును కొలిచితినే గాని మనస్సును కొలువనైతిని. ప్రవాసమున పెరుగు పిల్లలలో ఈ రెండింటికిని దూరము హెచ్చు. పుస్తకము మనస్సునకు తగినదై యుండవలెను. చదువు లోటును పెద్దలు పూరింపవలెను.

పసివారికి చెన్నైలోని తూలిక వారి ద్విభాషా బొమ్మల పుస్తకములు తగును. తెలుగు తడబడినచోట పక్కనున్న ఆంగ్లము చేయూత నిచ్చును.

పది దాటినవారికి "రైలుబడి". జపాను రచయిత్రి టెట్సుకో కురొయనాగి 1981లో వెలువరించిన బాల్యస్మృతులకు ఇది తెలుగు. ఒక బడి వెడలగొట్టిన బాలికను, పాత రైలుపెట్టెలే తరగతి గదులైన మరొక బడి ఆదరించిన వృత్తాంతము. అధ్యాయములు చిన్నవి, మెల్లగా చదువువారికి అలసట లేదు.

అద్భుతములు కోరువారికి దాసరి సుబ్రహ్మణ్యంగారి "తోకచుక్క". 1954లో "చందమామ"లో రచయిత పేరు లేకయే ధారావాహికముగా మొదలై, తరువాత పుస్తకమైనది.

ఇంకను పెద్దవారికి, ఆలెక్స్ హేలీ రచనకు సహవాసి తెలుగుసేత "ఏడుతరాలు". బానిసగా అమెరికాకు కొనిపోబడిన కుంటా కింటే, నదికిని వాద్యమునకును తనవారు పెట్టుకొన్న పేర్లను కూతురికి నేర్పును. ఆ కథలో, తరములు గడచిన పిమ్మట వంశీయునికి పూర్వుల ఊరి దారి చూపినవి ఆ కొద్ది మాటలే. మనము ఉద్యోగములకై స్వేచ్ఛగా వచ్చినవారము. ఐనను, నేర్పని మాట మన యింటను నిలువదు.

కడపటి మనవి. పుస్తకము తెచ్చి బల్లపై నుంచిన చాలదు. మొదటి భాగము మీరే పైకి చదివి, కథ రక్తి కట్టినచోట ఆపుడు. మా యింట "తోకచుక్క"ను అట్లే ఆపితిని. మరునాడు కార్యాలయమునుండి ఆలస్యముగా వచ్చి చూతును గదా, అమ్మాయి అక్షరముల క్రింద వ్రేలు జరుపుకొనుచు తానే చదువుచున్నది.

సెలవు.