గ్రాంటు కోసం ముందు మన ఊళ్ళోనే అడుగుదాం

అమెరికాలో చిన్న చిన్న సేవాసంస్థలు నడిపే మన తెలుగువాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "గ్రాంట్లు ఎవరిస్తారండీ?" ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. ముందు మీ ఊరి కమ్యూనిటీ ఫౌండేషన్‌ని చూడండి అంటాను.

1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఊరి దాతలిచ్చిన సొమ్మును ఒకచోట చేర్చి, దాని మీద వచ్చే రాబడిని ఆ ఊరి మంచికే ఖర్చుపెట్టడం.

అందుకే గుంటూరులో బడి కట్టిస్తామంటే సాధారణంగా ఇవ్వరు. అదే, ఇక్కడి ముసలివాళ్ళకి భోజనం అందిస్తాం, పిల్లలకి చదువు చెప్తాం అంటే వింటారు. అయితే ఎంతమందికి, వారానికి ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, ఈ లెక్క చెప్పాలి. "సేవ చేస్తున్నాం" అంటే చాలదు.

501(సి)(3) గుర్తింపు ఇంకా రాలేదా? అది ఉన్న మరో సంస్థ గొడుగు కింద అడగొచ్చు. దీన్నే ఫిస్కల్ స్పాన్సర్‌షిప్ అంటారు.

గుర్తింపు ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ఏటా వచ్చేది మామూలుగా 50,000 డాలర్లు దాటకపోతే, 990-ఎన్ అనే చిన్న ఫారం ఆన్‌లైన్‌లో నింపితే సరిపోతుంది. చిన్నదే కదా అని వరసగా మూడేళ్ళు వదిలేస్తే, గుర్తింపు దానంతటదే రద్దయిపోతుంది. గ్రాంటు సంగతి అటుంచండి, ఆ తర్వాత మీకు చందా ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు కూడా ఉండదు.

కాబట్టి దరఖాస్తు మొదలుపెట్టే ముందు, ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో మీ సంస్థ పేరు ఒక్కసారి వెతికి చూసుకోండి. ఉంటానండీ.