పిడుదును తీయు విధము

 

నేడు నేను ముచ్చటింపబూనిన ప్రాణి మిక్కిలి చిన్నది. ఆకలిగొన్నపుడు కందిగింజకంటె చిన్నదిగా నుండి, రక్తము త్రాగినపిమ్మట ఆముదపు గింజవలె ఉబ్బును. పశువుల గంగడోలునందును, చెవులలోను, పొదుగుప్రక్కను పట్టుకొని వ్రేలాడు పిడుదును ఎఱుగని రైతు లేడు. కొన్ని సీమలలో దీనిని గోమారి యందురు. పశువునుండియు, కుక్కనుండియు, గడ్డిపరకల కొసలనుండియు ఇది మనుష్యుని మీదికిని ప్రాకును. అట్లు ప్రాకి చర్మమున నాటుకొన్న పిడుదును అపాయము లేకుండ తీయుట యెట్లు? ఇదియే నేటి విషయము.

నా యెనిమిదవయేట గేదెలను తోలుకొని బీడునుండి ఇంటికి వచ్చితిని. నా చెవివెనుక నొక పిడుదు కనబడినది. మా తాతగారు నన్ను ఒడిలో కూర్చుండబెట్టుకొని, వాత్సల్యముతోనే, కాలుచున్న చుట్టకొనను దానికి తాకించిరి. పిడుదుకంటె ముందు నా చర్మము కాలినది. నేను గింజుకొనగా వారు దానిని పట్టి గుంజిరి. మొండెము చేతికి వచ్చినది; నోరు చర్మముననే నిలిచినది. ఆ పుండు మానుటకు నెలదినములు పట్టినది. మచ్చ నేటికిని గలదు. వారిని నేను తప్పుపట్టుట లేదు. తమ పెద్దలు నేర్పినదే వారు చేసిరి. అయితే ఇంట నేదైన ఆపద వచ్చినపుడు పిల్లలు చూచునది పెద్దల ముఖమే కదా! పెద్దల మాట మాఱినగాని ఆచారము మాఱదు. అందుచేతనే మీకు విన్నవించుచున్నాను.

పిడుదు నోటియందు గాలపుముల్లునకు వలె వెనుకకు వంగిన సన్నని ముండ్లు గలవు. పెక్కు జాతుల పిడుదులు జిగురువంటి పదార్థమును గూడ స్రవించి తమ నోటిని చర్మమునకు అంటించుకొనును. కఱచినపుడు నొప్పియు అంతగా తెలియదు. నిప్పు తాకించినను, కిరసనాయిలు పోసినను, సున్నము పూసినను అది వెంటనే విడిచిపోవునని నమ్మరాదు. పైగా ఆ బాధలో తన లాలాజలమును, కడుపులోనిదానిని గాయములోనికి వెడలగ్రక్కవచ్చును. రోగము గలదేని, ఆ రోగబీజము మన రక్తమున చేరు మార్గము ఇదియే.

ఈ పురుగు రోగములను మోయునను మాట క్రొత్తది కాదు. 1897లో రోనాల్డు రాసుగారు మన సికిందరాబాదులో దోమకడుపున మలేరియా బీజమును కనుగొనిరి. అంతకు నాలుగేండ్లు ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డు స్మిత్తు, కిల్బోరను అనువారు పశువుల జ్వరమొకటి పిడుదులవలన వ్యాపించునని నిరూపించిరి. 1957లో మన పొరుగుననున్న కర్ణాటకమున, షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడెను. చుట్టుపట్ల గ్రామస్థులకును జ్వరములు వచ్చెను. దానిని మోసినది పిడుదే. 2011లో గుజరాతునందు మఱియొక రక్తస్రావజ్వరము బయల్పడెను. ఆ జబ్బు పిడుదు కాటువలననే కాక, దానిని వట్టిచేతులతో నలుపుటవలనను, రోగముగల పశువు రక్తము తగులుటవలనను అంటును. కావున గోళ్లమధ్య పిడుదును చిదిపి చంపు అలవాటును నేడే మానవలెను. ప్రతి పిడుదును రోగమును మోయదు. కాని ఏది మోయునో కంటితో చూచి చెప్పజాలము.

ఇక తీయు విధమును వినుడు. ముండ్లు తీయు సన్నమొన శ్రావణమును తీసికొనుడు. అది లేనిచో వ్రేళ్లకు గుడ్డగాని కాగితముగాని చుట్టుకొనుడు. పిడుదు కడుపును నొక్కక, చర్మమునకు ఆనించి దాని నోటికడ పట్టుకొనుడు. మెలిత్రిప్పక, ఒక్కసారిగా గుంజక, నిదానముగా ఒకే బలముతో నిటారుగా పైకి లాగుడు. కొంచెము ఓపిక పట్టినచో అది ఊడివచ్చును. నోటి తునుక లోన మిగిలి, సులభముగా రానిచో, సూదితో కెలుకవలదు. చర్మమే దానిని క్రమముగా వెలికి త్రోయును. పిమ్మట ఆ చోటును, మీ చేతులను సబ్బుతో కడిగి స్పిరిటు రాయుడు. తీసిన పిడుదును స్పిరిటు గల సీసాలో వేసి మూత బిగింపుడు. పశువులకు పూయు పిడుదుల మందును మనుష్యుల యొంటికి ఎన్నడును పూయరాదు. అది విషము.

ఎంత త్వరగా తీసిన అంత మేలు. కావున బీడునుండి వచ్చిన పిల్లలకు స్నానము చేయించునపుడు చెవులవెనుక, తలవెండ్రుకలలో, చంకలలో, మొలత్రాటిక్రింద, గజ్జలలో, మోకాళ్లవెనుక వెదకుడు. పిడుదును తీసిన తేదీని గోడపంచాంగముమీద గుర్తుపెట్టుడు. తరువాత కొన్ని వారములలో జ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు, దద్దురులు కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికడకు పోయి, పిడుదు కఱచిన సంగతిని మీరే ముందుగా చెప్పుడు. ఆయన అడుగు వఱకు ఆగవలదు.

నిరుడు నా మనుమని చంకలో పిడుదు కనబడినది. శ్రావణముతో తీసితిని. వాడు ఏడ్వలేదు, మెడ వంచి చూచుచు కూర్చుండెను. రేపు వాడు తన పిల్లలకు అట్లే చేయును. నా చెవివెనుక మచ్చ నాతోనే ముగియవలెనని నా కోరిక.