నిచ్చెనా, త్రిభుజమా?
(కలకడలో చేసిన స్మారకోపన్యాసం)

అధ్యక్షులు నన్ను పరిచయం చేస్తూ వాడిన విశేషణాల్లో సగం నా పదవీ విరమణ సభలో విన్నవే. 'పండితుడు' అన్నది ఒక్కటే కొత్తది. ముప్పై ఏళ్లు టీచర్లకు శిక్షణలిచ్చి, ఆ శిక్షణలు పెద్దగా పనిచెయ్యవని చెప్పడానికి వచ్చినవాణ్ణి పండితుడంటారో మరేమంటారో సాయంత్రానికి మీరే తేల్చండి.

మా అయ్యవారి పేరు వెనక బ్యానరు మీద ఉంది. నేను నోటితో పలకను. ఆయన ఉన్నన్నాళ్లూ పలకలేదు, ఇప్పుడు అలవాటు మార్చుకోలేను. గొప్ప గురువని మీకందరికీ తెలుసు గనక ఆ జోలికి పోను. నాకు గుర్తున్నది వేరు. మూడో తరగతిలో 'స్త్రీ' దగ్గర నేను ఆగిపోయాను. ఆయన కొట్టలేదు, అందించనూ లేదు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి పెన్సిలుతో ఏదో రాసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత అడిగితే, "నువ్వు స్తీ అన్నావురా, రావత్తు నీ కంటికి ఆనలేదు" అన్నారు. నా దగ్గర తీసుకున్న గొడుగు మాత్రం తిరిగివ్వలేదు. అది వేరే సంగతి.

ఇక విషయం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. టీచర్లకు నిష్ఠ శిక్షణలు 2019లో, పిల్లల పునాది చదువు కోసం నిపుణ్ భారత్ 2021లో మొదలయ్యాయి. టీచరుకు ఏటా 50 గంటల వృత్తిపర శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. దాటేద్దాం.

నా తగాదా ఒక బొమ్మతో. మూడంచెల తోడ్పాటు మీద ఏ శిక్షణకు వెళ్లినా తెర మీద ముందు పడేది ఒక త్రిభుజం. అడుగున నూటికి 80 మంది, వాళ్లకు అందరితోపాటు చెప్పే పాఠం చాలు. మధ్యన 15 మంది, వాళ్లకు చిన్న గుంపుల్లో అదనపు సాయం. కొసన 5 మంది, వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా. ఈ బొమ్మ పుట్టిల్లు బడి కాదు. జెరాల్డ్ కాప్లాన్ అనే మానసిక వైద్యుడు 1964లో జబ్బుల నివారణను మూడు దశలుగా చెప్పాడు. అమెరికావాళ్లు దాన్ని బడిలోకి తెచ్చుకున్నారు. 2004లో అక్కడి ప్రత్యేక విద్యా చట్టాన్ని సవరించాక అది బాగా వ్యాపించింది. వాళ్లకు అది పనికొచ్చి ఉండొచ్చు, కాదనను.

మన సంగతి చూడండి. పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే 2022లో చేసినప్పుడు దేశం మొత్తం మీద పల్లెల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి ఇరవై మంది. 20.5 శాతమని నివేదికలోనే ఉంది. కరోనా ఏళ్లు కదా అంటారు. నిజమే, 2024లో 27.1కి వచ్చింది. అయినా త్రిభుజం తలకిందులుగానే ఉంది. అడుగున ఉండాల్సిన జనం కొసకు చేరితే దాన్ని త్రిభుజమనరు, బొంగరమంటారు.

"బొమ్మ సంగతి సరే, పద్ధతి మంచిదేగా? ముందు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడున్నారో టీచరుకు చెబితే చాలదా?" అని మిత్రులు అడుగుతారు. దానికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. 100 బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రాదో వివరంగా నివేదికలు రాసి టీచర్ల చేతికిచ్చారు. చూడ్డానికి మనుషులొచ్చినప్పుడు టీచర్లు మరింత చురుగ్గా కనిపించారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. నివేదిక తప్పని కాదు. అది చేతికొచ్చాక రేపు పొద్దున ఆ పిల్లవాడి పక్కన కూర్చుని ఏం చెయ్యాలన్నది అందులో లేదు.

రెండో సాక్ష్యాన్ని నా ప్రత్యర్థులూ వాడతారు, నేనూ వాడతాను. రుక్మిణీ బెనర్జీ, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితర పరిశోధకులు పిల్లల స్థాయిని బట్టి చెప్పే ప్రథమ్ సంస్థ పద్ధతిని పరీక్షించారు. బిహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి పంపినంత మాత్రాన పిల్లల చదువు కదల్లేదు. హర్యానాలో కదిలింది. అక్కడ రోజుకో గంట విడిగా కేటాయించి, పిల్లల్ని తరగతుల వారీగా కాక స్థాయిల వారీగా కూర్చోబెట్టారు. "చూశారా, స్థాయిలు!" అంటారు మిత్రులు. అక్కడ ఇంకోటీ జరిగింది. టీచర్ల మీద పర్యవేక్షణకు వెళ్లాల్సినవాళ్లే ముందు కొన్ని రోజులపాటు పిల్లల ముందు కూర్చుని తామే చెప్పి చూశారు. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ మన శిక్షణల్లో మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాం. మన రిసోర్స్ పర్సన్లలో ఈ ఏడాది ఒక రెండో తరగతి పిల్లతో పది రోజులు కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (సభలో నవ్వులు.) సర్వీసులో ఉండగా అడిగితే నేనూ ఎత్తగలిగేవాణ్ణి కాదు లెండి.

నేను హాజరైన ఒక శిక్షణ ఊరు పేరు లేకుండా చెబుతాను. అయిదు రోజులది. మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. తెర ఆరిపోయింది. తెర లేకపోతే ఏం చెప్పాలో చెప్పేవాళ్లకు తెలియలేదు, ఏం అడగాలో వినేవాళ్లకు తెలియలేదు. పక్క గదుల్లో బడి నడుస్తోంది. వంద గజాల దూరంలో పిల్లలున్నారు. ఎవరమూ లేవలేదు.

"మన రిషీవ్యాలీ బడి చేసింది కూడా పిల్లల్ని ఇలా స్థాయిలుగా విడగొట్టడమేగా?" అంటారు. కాదు. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. గోడకు నిచ్చెన పటం ఉంటుంది. పిల్ల తానున్న మెట్టు చూసుకుని, గుర్తుబొమ్మను బట్టి తన కార్డు తానే తీసుకుంటుంది. నిచ్చెన మీద అందరూ ఏదో ఒక మెట్టు మీద ఉంటారు. మూడో అంచె పిల్ల అంటూ ఉండదు. తెలుగులో పదో మెట్టు మీదున్న పిల్ల లెక్కల్లో ఇరవయ్యో మెట్టు మీద ఉండొచ్చు. మెట్టు పనికి పెట్టిన గుర్తు. మనం దాన్ని తీసి పిల్లకు పెట్టి 'సి గ్రేడ్', 'స్లో లెర్నర్' అన్నాం. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు రిషీవ్యాలీ వచ్చి, చూసి, వెనక్కి వెళ్లి తమ కార్డులు తామే రాసుకున్నారు. కర్ణాటకలో నలికలి పద్ధతి అలా పుట్టింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అదే దారి పట్టాయి. అచ్చయిన కార్డులు పెట్టెల్లో చేరిన చోట మాత్రం టీచరు కార్డులు అందించే గుమాస్తా అయ్యాడు. నిచ్చెనకూ ఆ గండం ఉంది.

దీంతో నా ఇప్పటి పని దగ్గరికి వచ్చాను. ఎప్పుడొస్తానా అని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.

చదివే స్థాయిలకు అక్షరం, పదం, పేరా, కథ అని మనం మెట్లు కట్టాం. తెలుగులో అక్షరానికీ పదానికీ మధ్య ఎంత అడవి ఉందో చూడండి. గుణింతం, ఒత్తు, రెండు ఒత్తులు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ఈ గుర్తులన్నీ పట్టుబడడానికి ఏళ్లు పడుతుందని చూపింది, నాలుగో తరగతి దాకా కూడా. మన లిపి దానికి అక్కచెల్లెలే. మరి మూడో తరగతిలో ఒత్తు దగ్గర తడబడే పిల్లను ఏ అంచెలో వేస్తారు?

ఈ మండలంలో ఒక పాప 'పిల్లి'ని 'పిలి' అని చదివింది, 'బొమ్మ'ను 'బొమ' అంది. 'అమ్మ' మాత్రం తప్పు పోలేదు. అది చదవడం కాదు, ముఖం చూసి గుర్తుపట్టడం. ఆ పాపకు వర్ణమాల మళ్లీ మొదటి నుంచి దిద్దించారు, ఆర్నెల్లు. ఆమెకు రానిది ఒత్తు ఒక్కటే. టమాటా కోతలకు వెళ్లొచ్చిన ఆ పాప అవ్వ నన్ను చూసి, "మా పాపకు చదువు ఎక్కలేదని రాసినారంట, నిజమేనా సార్?" అంది. నిజం కాదవ్వా అన్నాను. అది ఒక్కటే ఈ ఏడాది నేను ధైర్యంగా చెప్పిన మాట.

అందుకని పిల్లలు చదివేటప్పుడు చేసే తప్పుల్ని ఉన్నవి ఉన్నట్టు రాసి పెడుతున్నాను. మార్కు ఉండదు, గ్రేడు ఉండదు. ఎడమ వైపు పుస్తకంలో ఉన్నది, కుడి వైపు పిల్ల అన్నది, కింద తేదీ. టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో స్లైడ్ల బదులు ఇవి చదువుకుందాం. నాలుగు తప్పులు పక్కపక్కన పెడితే రేపు ఏం చెప్పాలో టీచరుకు తనకే తడుతుంది. కార్వేటినగరం డైట్‌లో టీచరు చదువు చదివే పిల్లలూ, భవిత కేంద్రాల సహిత విద్య టీచర్లూ చెయ్యి కలిపితే రెండేళ్లలో రాయలసీమ పిల్లల తప్పుల నిఘంటువు ఒకటి తయారవుతుంది. చాదస్తమనే మిత్రులున్నారు. ఉండనివ్వండి.

అయ్యవారి నోటుపుస్తకం కోసం వాళ్లింట్లో వెతికించాను, దొరకలేదు. నాది ఈ బల్ల మీద ఉంది, ఎనిమిది పేజీలు నిండాయి. పక్కనున్న కట్టలో నలభై ఖాళీ పుస్తకాలున్నాయి. వెళ్లేటప్పుడు టీచర్లు తలా ఒకటి తీసుకెళ్లండి. వచ్చే కాంప్లెక్స్ మీటింగుకు ఒక్క పిల్ల పేజీతో రండి.