చుక్కల రంగు, చుక్కల వయసు



మొన్న కార్తీకంలో మా రాజుపాలెంలో ఓ రాత్రి కరెంటు పోయింది. డాబా మీద చాపలేసుకుని పడుకున్నాం. "అమ్మా, కొన్ని చుక్కలు ఎర్రగా, కొన్ని నీలంగా ఉన్నాయేం?" అని అడిగింది మా చిన్నమ్మాయి. "ఎర్రవి బాగా వేడివి కాబోలు" అనేశాను. పుస్తకం తిరగేశాక తెలిసింది, అంతా తలకిందులుగా చెప్పానని. వోల్టేజి పడిపోయినప్పుడు పాతకాలపు బల్బు ఎర్రబడటం ఎన్నిసార్లు చూడలేదు నేను! ఎరుపంటే వేడి తక్కువ. నీలం చుక్కలే అసలైన వేడివి. అవి దుబారా మనుషుల్లాంటివి. ఉన్నదంతా మండించేసి, కొద్ది కోట్ల ఏళ్లకే ఆరిపోతాయి. పొదుపరులైన ఎర్రవి వేల కోట్ల ఏళ్లు నెట్టుకొస్తాయి.

కార్తీకంలో రాత్రి తొమ్మిదింటికి, వెన్నెల లేనప్పుడు, నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూడండి. పలచని తెల్లమచ్చ కనబడుతుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ. ఆ వెలుతురు అక్కడ బయలుదేరి 25 లక్షల ఏళ్లయింది. ఫొటోల్లో అది మెలికల ముగ్గులా ఉంటుంది. చుట్టూ చేతులు నీలం, నడిమి బొడిపె పసుపు కలిసిన ఎరుపు. దండెం మీద పసిగుడ్డలు ఆరేసుంటే ఆ ఇంట్లో పురుడు జరిగిందని తెలియదూ? నీలం కనబడిందంటే అక్కడ ఈమధ్యే చుక్కలు పుట్టాయన్నమాట. చేతుల్లో వాయువు ఇంకా ఉంది, కాన్పులు సాగుతున్నాయి. నడిమిలో అది ఏనాడో దాదాపు అయిపోయింది. అక్కడి నీలాలు ఆరిపోయి, ముసలివే మిగిలాయి.

దీన్ని తేల్చిన వాల్టర్ బాడే జర్మనీవాడు, అమెరికాలో ఉండేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రుదేశస్థుడని ఆయనకు యుద్ధం పనులు ఇవ్వలేదు. శత్రువుల భయంతో లాస్ ఏంజిలిస్‌లో దీపాలు తగ్గించారు. ఆ చీకట్లో మౌంట్ విల్సన్ మీది 100 అంగుళాల దూరదర్శినితో ఆండ్రోమెడా నడిమిలోని ఎర్ర చుక్కల్ని విడివిడిగా ఫొటో తీశాడు. 1944లో చుక్కలు రెండు జాతులని ప్రకటించాడు. మనం కరెంటు పోయిందని విసుక్కుంటాం!

మన పాలపుంతా ఇలాంటిదే. పళ్లెంలా పరుచుకున్న భాగంలో 460 కోట్ల ఏళ్ల సూర్యుడున్నాడు. పళ్లేనికి పైనా కిందా బంతుల్లా గుమిగూడిన చుక్కల గుంపుల్లో చాలావాటికి 1,200 కోట్ల ఏళ్లు పైమాటే. అయితే ఎర్రగా కనబడ్డదల్లా ముసలిది కాదు సుమండీ. మధ్యలో ధూళి అడ్డుపడినా చుక్క ఎర్రబడుతుంది, అస్తమించే సూర్యుడిలాగే.

మర్నాడు మా అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను.

"మరి నిన్న ఎర్రవే వేడివన్నావు?" అంది.

"తప్పు చెప్పానమ్మా" అన్నాను.