జన్యువును మోసే పాలిమర్లు: నిర్మాణం చెప్పే సంగతులు



ఏ పదార్థం పేరెత్తినా మా మాస్టారు ముందుగా బోర్డు మీద దాని నిర్మాణం గీయించేవారు. ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి జన్యువును కణంలోకి మోసుకెళ్లే కాటయానిక్, అంటే ధనావేశపు, పాలిమర్లను ఎంచుకున్నది అందుకే. నిర్మాణం గీయకుండా వీటి గురించి ఒక్క మాట కూడా సరిగా చెప్పలేం.

డీఎన్‌ఏ పొడవునా ఫాస్ఫేట్లుంటాయి, ఒక్కోదానికీ ఒక రుణావేశం. 5,000 బేస్ జతల ప్లాస్మిడ్‌లో అవి 10,000. సాగదీస్తే దాని పొడవు 1.7 మైక్రాన్లు. కణం పైపొర కూడా రుణావేశమే కనుక రెండింటికీ పొసగదు. ధనావేశపు పాలిమర్ కలిపితే ఆ పోగంతా నూలుండలా చుట్టుకుని సుమారు 100 నానోమీటర్లకు కుదించుకుపోతుంది. ఇంతవరకు చాలా పాలిమర్లు చేసిపెడతాయి. అసలు పరీక్ష కణం లోపలికి వెళ్లాకే మొదలవుతుంది.

1987లో అమెరికాలో జార్జ్ వూ, కేథరిన్ వూ పాలీలైసిన్‌కు కాలేయ కణాలు గుర్తుపట్టే ప్రోటీన్‌ను తగిలించి జన్యువును పంపారు. దారి దొరికింది కానీ, పాలీలైసిన్‌తో వెళ్లిన సరుకులో ఎక్కువ భాగం ఎండోసోమ్ అనే సంచిలోనే చిక్కుకుపోతుంది. లైసిన్ అమీన్ పీకేఏ, అంటే సగం అమీన్లు ప్రోటాన్లు పట్టుకుని ఉండే పీహెచ్, దాదాపు 10. రక్తపు పీహెచ్ 7.4 దగ్గరే అమీన్లన్నీ ప్రోటాన్లు పట్టేసి కూర్చుంటాయి. సంచిలో ఆమ్లత పెరిగాక కొత్తగా పట్టడానికి చోటేదీ?

1995లో స్ట్రాస్‌బర్గ్‌లోని ఝాఁ-పాల్ బెర్ బృందం పాలీఇథిలీన్‌ఇమీన్‌ను, అంటే పీఈఐని, ప్రయోగించింది. దాని గొలుసులో ప్రతి మూడో పరమాణువూ నైట్రోజనే. ఒకటి ప్రోటాన్ పట్టుకుంటే పక్కదానికి పట్టడం కష్టం. కాబట్టి 7.4 దగ్గర ఐదారింట ఒకటే ఆవేశంతో ఉంటుంది. పీహెచ్ 5కు వచ్చేసరికి దాదాపు సగం. ఇలా ప్రోటాన్లను మింగేస్తుంటే సంచి పొరలోని ప్రోటాన్ పంపు ఇంకా తోడిపోస్తుందని, వెంట క్లోరైడ్, నీరు చేరి సంచి ఉబ్బి పగులుతుందని వారి ఊహ. దానికే ప్రోటాన్ స్పాంజ్ అని పేరు. బాఫిలోమైసిన్‌తో ఆ పంపును ఆపితే జన్యువు చేరడం పడిపోతుంది. ఇది ఊహకు బలం. కానీ 2013లో ఎండోసోమ్ తర్వాతి దశ అయిన లైసోసోమ్ పీహెచ్‌ను కొలిచి చూసిన బృందానికి పీఈఐ వల్ల మార్పేమీ కనిపించలేదు. పాలిమర్ ఆ సంచి పొరను నేరుగా చీల్చడానికి కూడా ఇందులో వాటా ఉందని నా అభిప్రాయం.

నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం 2005 నాటిది. తిన్నని గొలుసు పీఈఐని సాధారణంగా పాలీఇథైల్ఆక్సజోలిన్‌ను ఆమ్లంలో మరిగించి తయారు చేస్తారు. మరిగించడం చాలకపోతే కొన్ని నైట్రోజన్ల మీద ప్రొపియోనిల్ గుంపులు మిగిలిపోతాయి. అలాంటి నైట్రోజన్ అమైడే, ప్రోటాన్ పట్టదు. బజారులో దొరికే 25 కిలోడాల్టన్ల సరుకులో ఈ మిగులును గమనించిన అలెగ్జాండర్ క్లిబనోవ్ బృందం దాన్ని పూర్తిగా తొలగించింది. పెంచిన కణాల్లో ఫలితం 21 రెట్లు, ఎలుకల్లో 10,000 రెట్లు పెరిగింది. సీసా మీద పేరు మాత్రం అదే!

ఇక విషప్రభావం. డీఎన్‌ఏను పట్టే ఆవేశమే కణపొరనూ దెబ్బతీస్తుంది. గొలుసు పెద్దదైతే పని బాగా చేస్తుంది, కణాలను చంపుతుంది. మరీ చిన్నదైతే హాని తక్కువ, పనీ తక్కువే. అందుకే చిన్న ముక్కలను డైసల్ఫైడ్ బంధాలతో కలిపారు. కణద్రవంలోని గ్లూటాథయోన్ వాటిని తెంపుతుంది, డీఎన్‌ఏ విడుదలవుతుంది. అమెరికాలోని రాబర్ట్ లాంగర్ ప్రయోగశాల పాలీబీటాఅమైనోఎస్టర్లలో ఆ పని నీరే చేస్తుంది. కాల్టెక్‌లో మార్క్ డేవిస్ బృందం సైక్లోడెక్స్ట్రిన్ గొలుసులో ఆవేశాల మధ్య దూరాన్ని మార్చి చూసింది. విషప్రభావమూ, పనితనమూ రెండూ మారాయి. ఆ కుటుంబపు పాలిమరే తర్వాత జన్యువుల పనిని ఆపే ఎస్ఐఆర్‌ఎన్‌ఏను మనుషుల కణితుల దాకా చేర్చింది. 2010లో ఆ ఫలితం వెలువడింది.

మన హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో అరబింద చౌధురి బృందం లిపిడ్లతో ఇలాంటి ప్రశ్నలే వేసింది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల లిపిడ్లకు పీకేఏ 6, 7 మధ్య ఉండేట్టు కుదిర్చారు. రక్తంలో ఆవేశం తక్కువ, ఎండోసోమ్‌లో ఎక్కువ. పాలిమర్లతో వచ్చిన ఎరుకే అక్కడా పనికొచ్చిందంటాను.

పీఈఐ ఇప్పటికి స్థిరపడింది కర్మాగారంలో. జన్యుచికిత్సకు వాడే ఏఏవీ వైరస్‌ల తయారీలో కణాల్లోకి ప్లాస్మిడ్లను చేర్చేది చాలాచోట్ల అదే. మనిషి శరీరంలో మాత్రం దానికింకా అలాంటి చోటు దక్కలేదు.

ప్రయోగశాలల్లో ఉన్న పిల్లలకు ఒక్క మనవి: పాలిమర్‌ను కణాల మీద పోయకముందే దాని ఎన్‌ఎంఆర్ తీయండి, అణుభారం ఎంత మేర చెదిరి ఉందో కొలవండి, ఆ వివరాలను ఫలితాలతో పాటే అచ్చువేయండి.