ఎర్రనీళ్ళు - తెల్లబట్టలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ముందు మా ఇంట్లో జరిగిన ఒక ముచ్చట చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను. ఒక పండగనాడు మావారి తెల్లపంచె, నా వెంకటగిరి చీర బోరునీళ్ళలో జాడించి దండెం మీద ఆరేశాను. ఆరేసేటప్పుడు మల్లెపూవుల్లా వున్నాయి. సాయంత్రం తీయబోతే పంచె నిండా పసుపు మరకలు. ఇంతేగదా అనుకుని బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళలో పంచె నానబెట్టాను. గంట తర్వాత చూద్దును గదా, పసుపు మరక కాస్తా ఇటుకరంగు మరకై కూర్చుంది! చీరను కూడా అందులో వేయకపోవడం ఒక్కటే నేను చేసిన మంచిపని. ఆ పంచె ఇప్పుడు మా ఇంట్లో కిటికీలు తుడిచే గుడ్డ.

తప్పు నీళ్ళది కాదు, నాది. బోరునీళ్ళలో ఇనుము కరిగి వుంటుంది. భూమి లోపల గాలి తగలదు గనుక అది పంచదార కరిగినట్టు కరిగి, కంటికి కనిపించకుండా వుంటుంది. పైకొచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి, ఎర్రటి పొడిగా అడుక్కి దిగుతుంది. బ్లీచింగు పౌడరు చేసేదీ అదే పని, ఇంకా వేగంగా. పోగులో దాక్కున్న ఇనుమును అక్కడికక్కడే తుప్పుగా మార్చి పాతుకుపోయేలా చేస్తుంది. అందుకని తుప్పు మరక మీద బ్లీచింగు వేయకూడదన్నది మొదటి పాఠం.

మన నెల్లూరు సముద్ర తీరంలో ఈ బాధ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి భూమిలోంచి వచ్చే ఇనుము. రెండోది పైపుల్లోంచి వచ్చే తుప్పు. ఉప్పుగాలి, ఉప్పదనం వున్న నీరు ఇనుమును త్వరగా తినేస్తాయి. జి.ఐ. పైపుకు పైన వుండే జింకు పూత పోయిందంటే లోపలి ఇనుము రాలడం మొదలవుతుంది. ఈ రెంటికీ మందు వేరు. ఏది ఏ రకమో తెలుసుకోకుండా డబ్బు ఖర్చు పెడితే బూడిదలో పోసిన పన్నీరే.

తెలుసుకోవడం కష్టం కాదు. తెల్లవారి కుళాయి తిప్పగానే ఒక గాజుగ్లాసులో నీళ్ళు పట్టండి. నాలుగైదు బకెట్లు వదిలాక రెండో గ్లాసు పట్టండి. మొదటిది ఎర్రగా వుండి రెండోది తేటగా వుంటే, అలాగే సాయంత్రం దాకా తేటగానే వుంటే, తుప్పు పైపుల్లోది. రెండోది పట్టేటప్పుడు తేటగా వుండి, నాలుగైదు గంటల్లో పసుపుబారి అడుగున ఎర్రమడ్డి దిగితే, ఇనుము భూమిలోది. ట్యాంకు గోడలకు జిగటగా ఎర్రటి జావలాంటిది పట్టిందా, అది ఇనుమును తిని బతికే సూక్ష్మజీవుల పని. రోగం తెచ్చేవి కావు గాని, నీళ్ళకు పాచివాసన తెస్తాయి.

ఇంకో పరీక్ష మన పెరట్లోనే వుంది. నాలుగు జామాకులు నలిపి గ్లాసెడు నీళ్ళలో వేయండి. ఇనుము ఎక్కువుంటే నీళ్ళు నల్లగా, వంగపండు రంగుగా తిరుగుతాయి. ఆకులోని వగరుకు ఇనుము తగిలితే నలుపు వస్తుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచింది ఇలాగే. మన పక్కనున్న శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు కరక్కాయలో ముంచిన గుడ్డ మీద, బెల్లపు నీళ్ళలో తుప్పు ఇనుము నానబెట్టిన రసంతో గీతలు గీస్తారు. గుడ్డకు తగలగానే అది నల్లబడుతుంది. మీ ఇంట్లో టీ నల్లగా కషాయంలా దిగుతుంటే, టీపొడి కొట్టువాడిని తిట్టేముందు నీళ్ళను ఒకసారి అనుమానించండి.

ఇప్పుడు మా ఆడపడుచు సంగతి. ఆమెది అల్లూరు వైపు సముద్రం ఒడ్డున ఒక వూరు. అక్కడ ఇసుకలో తవ్విన దొరువులుంటాయి. వానకు ఇంకిన మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక గనుక పైన తేలి వుంటుంది. దాన్ని మెల్లగా తోడుకుంటారు. వీధి చివర బోరింగు కూడా వుంది. "ఏందొదినా ఆ బోరింగు నీళ్ళు! రక్తం మాదిరి ఉండాయి. అన్నం వండితే పచ్చంగా దిగతాది. మేం దొరువు నీళ్ళే తాగతుండాం, అద్దం మాదిరి ఉంటాయి" అనేది. ఆ దొరువు గట్టునే గొడ్లు నీళ్ళు తాగుతాయి, బట్టలు ఉతుకుతారు. ఒక వానాకాలం ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చిన్నపిల్లవాడికి ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను ఎక్కించాల్సి వచ్చింది. అద్దంలాంటి నీళ్ళు పిల్లవాణ్ణి పడుకోబెట్టాయి. రక్తంలాంటి నీళ్ళను తేర్చుకుని, కాచుకుని తాగివుంటే అంతదాకా వచ్చేది కాదు.

ఇందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను. నీళ్ళలో మామూలుగా కనిపించే ఇనుము విషం కాదు. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టల మీద, గిన్నెల మీద మరక పడుతుంది, రుచి మారుతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణంలో మొదట ఆ 0.3 మీదే హద్దు పెట్టి, 2015లో 1 మిల్లీగ్రాముకు సడలించారు. రంగు చూసి అసహ్యపడి, తేటగా కనిపించే మురికినీళ్ళకు పోవడమే అసలు ప్రమాదం. ఊళ్ళల్లో బోరింగులను జనం వదిలేయడం చూసే, నాగపూరులోని నీరీ సంస్థవారు బోరింగు పక్కనే ఇనుము తీసే చిన్న తొట్లను రూపొందించారు.

మరి ఇంట్లో ఏం చేయాలి? ఇనుముకు గాలే మందు. నీళ్ళను ఎత్తునుంచి సన్నధారగా మరో పాత్రలోకి రెండుమూడుసార్లు పోయండి. రాత్రంతా కదపకుండా వుంచి, పొద్దున్నే పైతేట మాత్రం వంచుకోండి. నీళ్ళు మరీ మబ్బుగా వుంటే పటిక ముక్కను రెండుమూడుసార్లు తిప్పితే చాలు. మన అమ్మమ్మలు బిందె లోపల చిల్లగింజ అరగదీసేవారు. అదీ మడ్డిని అడుక్కి దించేదే.

రోజూ కావాలంటే మూడు కుండల స్టాండు అన్నిటికన్నా చవక. పైకుండకు అడుగున సన్నని బెజ్జాలు పెట్టి, నీళ్ళు చినుకుల్లా పడేటట్టు చూడండి. రెండో కుండలో అడుగున రెండంగుళాలు గులకరాళ్ళు, దానిపైన రెండుమూడంగుళాలు ముతక ఇసుక, ఆపైన ఎనిమిది తొమ్మిదంగుళాలు సన్నఇసుక. అడుగున బెజ్జానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టాలి. మూడో కుండలో తేటనీరు పడుతుంది. ఇసుక ఏటి ఇసుక కావాలి, పెన్న ఇసుక భేషుగ్గా వుంటుంది. దగ్గర్లో వుందిగదా అని సముద్రపు ఇసుక తెచ్చారో, ఉప్పునీళ్ళు తాగాల్సిందే. కడిగిన నీరు తేటగా వచ్చేదాకా ఇసుక కడగాలి. పైన ఎర్రపొర కట్టి నీళ్ళు దిగడం మందగిస్తే, పై అంగుళం ఇసుక తీసి కడిగి వేసుకోండి. ఒక హెచ్చరిక. ఈ కుండలు తుప్పును ఆపుతాయి గాని రోగక్రిములను పూర్తిగా ఆపవు. తాగే నీళ్ళు కాచుకోవలసిందే. ఉప్పదనం, ఉదయగిరి వైపు కనిపించే ఫ్లోరైడు కూడా ఈ కుండలతో పోవు, కాచినా పోవు.

ట్యాంకులో బ్లీచింగు వేసేవారికి ఒక మాట. మామూలుగా వెయ్యి లీటర్లకు మంచి పౌడరు రెండున్నర గ్రాములు సరిపోతుంది. కాని నీళ్ళలో ఇనుముంటే, క్లోరిన్ ముందు దానితోనే ఖర్చయిపోతుంది. క్రిములకు మిగలదు. అందుచేత ముందు ఇనుము తేర్చి, తర్వాత బ్లీచింగు వేయాలి. ఆర్.వో. మిషను వున్నవారు కూడా దానికి ముందు ఇనుము ఆపే ఫిల్టరు లేకుంటే, లోపలి పొర త్వరగా పూడుకుపోతుందని గుర్తుంచుకోండి.

తుప్పు పైపులదే అయితే ఫిల్టర్లు కొనేముందు పైపులు చూడండి. పొద్దున వచ్చే ఎర్రనీళ్ళను పారబోయకండి, మొక్కలకూ, వాకిట కళ్ళాపికీ వాడండి. ట్యాంకు ఆరునెలలకోసారి కడిగించండి. పాత జి.ఐ. లైను మార్చే వీలుంటే పి.వి.సి. వేయించండి. మా ఇంట్లో పైపు మార్చిన మేస్త్రీ పైపులన్నీ కొత్తవి వేసి, జాయింట్లకు మాత్రం పాత ఇనుపవే బిగించి పోయాడు. ఆర్నెల్లకు మళ్ళీ ఎర్రనీళ్ళు! పని జరిగేటప్పుడు పక్కన నిలబడి చూసుకోవడం మన వంతు.

ఇక మరకలు. తెల్లబట్ట మీద తుప్పుమరకకు నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి, ఎండలో వుంచండి. ఆరితే మళ్ళీ పిండండి. తర్వాత బాగా జాడించండి. రంగుబట్టలకైతే ముందు అంచు లోపల ఒక మూల పరీక్షించుకోండి. బకెట్లకు, ఇత్తడి బిందెలకు చింతపండు వుండనే వుంది. మొండి మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ పొడి వాడతారు. అది విషం. పిల్లలకు అందనీయకండి, చేతులకు తొడుగులు వేసుకోండి. మొజాయిక్ గచ్చు మీద మాత్రం ఏ యాసిడ్డూ పోయకండి, పాలరాతి ముక్కలు కరిగి గరుకు తేలుతుంది. బాత్‌రూము యాసిడ్డునూ బ్లీచింగు పౌడరునూ ఎన్నడూ కలపకండి. వచ్చే క్లోరిన్ వాయువుతో ఊపిరాడదు, ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా ఒక అపోహ. "ఇనుము నీళ్ళు తాగితే రక్తం పడుతుందిగదా, మంచిదేగా" అంటారు కొందరు. తుప్పుగా మారిన ఇనుము ఒంటికి పట్టేది చాలా తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత వున్నట్టు తేలింది. నీళ్ళను నమ్ముకోకండి. తోటకూర, మునగాకు వండుకుని నిమ్మకాయ పిండుకోండి. డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానకండి. అన్నంతోపాటు, మాత్రతోపాటు కాఫీ, టీ తాగకండి. జామాకు గ్లాసులో చేసిన పనే టీ మన కడుపులోనూ చేస్తుంది, ఇనుమును పట్టుకుని ఒంటికి అందనీయదు.

మీ నీళ్ళలో ఇనుమెంతో అంకె కావాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షశాలలున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళు పరీక్షించడం నేర్పించే ఏర్పాటు కూడా వుంది. మీకు పల్లెల్లో చుట్టాలుంటే ఈ మాట చెప్పండి. మా ఆడపడుచు ఇప్పుడు ఆ ఐదుగురిలో ఒకరు. మొన్న ఫోను చేసి, "వదినా, మా బోరింగు నీళ్ళు నేనే చూశా. కుండల్లో తేర్చి, కాచి తాగతుండాం. అందరికీ చెప్పినా" అంది. పంచె పోయినా, ఆ మాట విని నాకు సంతోషమయింది.