నా చిన్ననాటి గూఢచారి
(చిక్కబళ్లాపురం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉపన్యాసం యెప్పుడు ముగుస్తుందా, పులిహోర యెప్పుడు పెడతారా అని ముందువరుసలో కూర్చుని చూస్తున్న పిల్లలకు నా నమస్కారాలు.

కార్యదర్శిగారు మా యింటికి వచ్చి "ఉగాదినాడు నాలుగు మాటలు చెప్పాలి" అన్నప్పుడు, నేను కైవారం తాతయ్యగారి తత్త్వాల గురించి మాట్లాడతానని ఆశించి వుంటారు. సినిమా గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "భక్తిచిత్రమా?" అని అడిగారు. "కాదండీ, గూఢచారి చిత్రం" అన్నాను. పిలవడానికి వచ్చినవారు పిలవకుండా వెళ్లడం మర్యాద కాదు గనుక ఒప్పుకున్నారు.

అయినా నా విషయానికీ పంచాంగానికీ సంబంధం లేకపోలేదు. యీనాడు ప్రవేశించిన సంవత్సరం పేరు పరాభవ. అరవై యేళ్లకొకసారి వస్తుంది. కిందటి పరాభవ 1966 ఉగాదినాడు వచ్చింది. ఆ యేడాది ఆగస్టులోనే "గూఢచారి 116" అనే తెలుగు చిత్రం విడుదలయింది. కనుక మన తెలుగు గూఢచారికి యీ యేడు షష్టిపూర్తి. షష్టిపూర్తికి పిలుపు లేకపోయినా నాలుగు మంచిమాటలు చెప్పవచ్చును గదా!

1962లో "డాక్టర్ నో" వచ్చింది మొదలు లోకమంతటా గూఢచారుల కాలం నడిచింది. ఇంగ్లీషువారికి 007 వున్నాడు. ఫ్రెంచివారికి 117 వున్నాడు. మనవాడు వినయంగా ఒక అంకె తగ్గించుకుని 116 అయినాడు. డూండి, సుందర్‌లాల్ నహతాగార్లు నిర్మాతలు; యం. మల్లికార్జునరావు దర్శకుడు; మాటలు ఆరుద్ర; సంగీతం టి. చలపతిరావు. నాయకుడు కృష్ణ అప్పటికి రెండే చిత్రాల్లో నాయకుడుగా కనిపించిన కుర్రవాడు. మొదటిది "తేనె మనసులు" (1965). అందులో అతడు స్కూటరు మీద కారును తరిమిన సాహసం చూసి డూండిగారు యీ వేషం యిచ్చారని చెబుతారు. మరుసటి యేడు అదే నిర్మాతలు యీ కథనే జితేంద్రతో హిందీలో "ఫర్జ్"గా తీశారు.

1968లో కన్నడంలో "జేడర బలె" వచ్చింది. సాలెగూడు అని అర్థం. దొరై, భగవాన్ అనే యిద్దరు మిత్రులు కలిసి తీశారు. అందులో సి.ఐ.డి. 999 రాజ్‌కుమార్. అంతవరకు వేటగాడు కన్నప్పగా, భక్తులుగా, రాజులుగా జనం కొలిచిన మనిషి సూటుబూటు వేసుకుని పిస్తోలు పట్టుకున్నాడు. జనం మెచ్చారు. అదే యేడు "గోవాదల్లి సి.ఐ.డి. 999", 1969లో "ఆపరేషన్ జాక్‌పాట్‌నల్లి సి.ఐ.డి. 999", 1978లో "ఆపరేషన్ డైమండ్ రాకెట్" వచ్చాయి.

యివి డబ్బున్న చిత్రాలు కావు. కన్నడ చిత్రాలు ఆడే సీమ చిన్నది, పెట్టుబడీ చిన్నదే. తెలుగైనా కన్నడమైనా పని ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లోనే. ఆనాటి గూఢచారి చిత్రాల్లో విలను స్థావరమంటే చెక్కపలకకు బిగించిన రంగుదీపాలు, రెండు మీటలు, బుసబుసమని పొగ. తెల్లకోటు వేస్తే శాస్త్రజ్ఞుడు, నల్లకళ్లద్దాలు పెడితే దుర్మార్గుడు. తక్కువయిందంతా చూసేవాడు తన మనసులో నింపుకోవాలి. మేము నింపుకున్నాము. యెంత నింపుకున్నామో యిప్పుడు చెబుతాను.

మా నాయన చెనక్కాయల వ్యాపారానికి కదిరి నుంచి చింతామణికి వచ్చారు. మా మేనత్తది బాగేపల్లి. సెలవుల్లో అవ్వతో సహా అందరమూ అక్కడికి పోయేవాళ్లం. ఊరి బయట గుడారం వేసి టూరింగ్ టాకీసు ఆడించేవారు. నేలమీద యిసుక కుప్ప చేసుకుని కూర్చుంటే ముందువాళ్ల తలలమీదుగా బొమ్మ కనిపించేది. ఆ గుడారానికి కొత్త బొమ్మలు రావు. విడుదలయిన యేడాదికో రెండేళ్లకో, గీతలు పడి, అతుకులు వేసిన కాపీలు వచ్చేవి. అక్కడే నేను గూఢచారి చిత్రం చూశాను. నాకు పదేళ్లుంటాయి.

తరువాత యాభై యేళ్లకు పైగా ఆ చిత్రం గురించి నా పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ చెబుతూ వచ్చాను. "కృష్ణ 999గా వేశాడు. తెలుగు చిత్రం. చివర దొంగను పట్టుకుని ఒక గొప్ప మాట అంటాడు: 'చెనక్కాయలు తిన్నవాడు మూతి తుడుచుకుంటాడు గాని, పొట్టెక్కడ దాస్తాడురా!'" గుమాస్తాగా పద్దులు తనిఖీ చేసిన రోజుల్లో తప్పుడు లెక్క కనిపించినప్పుడల్లా యీ మాటే వాడుకున్నాను. తోటి గుమాస్తాలు కూడా నేర్చుకున్నారు.

కిందటి దీపావళికి బెంగళూరు నుంచి మనవరాలు వచ్చింది. "తాతా, నీ సినిమా వెతికిపెడతాను" అని ఫోను తీసింది. కాసేపటికి "తాతా, కృష్ణ 116. 999 రాజ్‌కుమార్. అది కన్నడ సినిమా" అంది. నేను ఒప్పుకోలేదు. తెలుగు మాటలు నా చెవుల్లో వున్నాయే, కన్నడం యెట్లా అవుతుంది? కోపం కూడా తెచ్చుకున్నాను.

అసలు ఆ చిత్రం దొరకడమే అదృష్టమని తరువాత తెలిసింది. మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" (1932) ప్రతి యీనాడు యెక్కడా లేదు. కన్నడంలో మొదటిదైన "సతీ సులోచన" (1934)దీ అదే గతి. పుణేలో జాతీయ ఫిల్ము భాండాగారం పెట్టింది 1964లో. అప్పటికే యెన్నో పోయాయి. నలుపుతెలుపు ఫిల్ములో వెండి వుంటుంది. ఆడి ఆడి అరిగిన కాపీలను ఆ వెండికోసం కరిగించేవారు. దేవుని చిత్రాలకే దిక్కు లేనప్పుడు పిస్తోలు చిత్రాలను యెవరు దాస్తారు? అయినా 116, 999 యిద్దరూ చావు తప్పించుకున్నారు. గూఢచారులు గదా!

ఆ రాత్రి భోజనాలయ్యాక "జేడర బలె" పెట్టింది. మొదటి పది నిమిషాల్లోనే నేను ఓడిపోయాను. గుడారంలో చూసిన బొమ్మ అదే. నాయకుడు రాజ్‌కుమారే, భాష కన్నడమే. కృష్ణ చిత్రం కదిరిలో యేదో పెండ్లికి పోయినప్పుడు చూసి వుంటాను. రెండూ కలిసి నాలో ఒకటే అయిపోయాయి. సరే, చివర చెనక్కాయల మాట వస్తుందని కాచుకున్నాను. దొంగ దొరికాడు. చిత్రం ముగిసింది. చెనక్కాయలు రాలేదు.

అప్పుడు గుర్తుకొచ్చింది. మా అవ్వకు కన్నడం రాదు. బాగేపల్లిలో అంగడికి పోయినా గుడికి పోయినా తెలుగుతోనే గడిచిపోయేది. కన్నడం బడిలోనూ కచేరీలోనూ. అందుచేత గుడారంలో నాయన అవ్వ పక్కన కూర్చుని, చిత్రం నడిచినంతసేపూ మెల్లగా తెలుగులో చెబుతూ వుండేవారు. నేను వాళ్లిద్దరి నడుమ. తెరమీద కన్నడం నడిచిపోయింది; నాయన తెలుగు నాలో నిలిచిపోయింది. చెనక్కాయల మాట 999ది కాదు. చెనక్కాయల వ్యాపారిది. అవ్వను నవ్వించడానికి ఆయన కల్పించి చెప్పినది.

నాయన పోయి ముప్పై యేళ్లు దాటింది. మా యింట్లో ఆయన ఫోటో ఒకటుంది. గొంతు యే యంత్రంలోనూ లేదు. సినిమా దొరికింది గాని, నేను చూసిన సినిమా యిక దొరకదు. దాని సగం నాయన నోట్లో వుండేది.

నేను రెండు భాషల చిత్రాలు కలిపేసుకున్నానని మనవరాలు నవ్వింది. తీసినవాళ్లు మాత్రం విడిగా వున్నారా? తెలుగు 116కు నాయిక జయలలిత. పుట్టింది మేలుకోటెలో, నాయికగా మొదట వచ్చింది కన్నడ చిత్రంలో. కన్నడ 999కు సంగీతం కూర్చిన జి.కె. వెంకటేశ్ హైదరాబాదులో పుట్టిన తెలుగువాడు. గోవా చిత్రంతో కన్నడానికి వచ్చిన లక్ష్మి తెలుగు దర్శకుడు వై.వి. రావుగారి కూతురు. రాజ్‌కుమార్ కన్నప్పగా 1954లో కన్నడంలోనూ వేశారు, అదే యేడు తెలుగులో కాళహస్తి మహాత్మ్యంలోనూ వేశారు. మన బాగేపల్లి గుడారం లాగే వాళ్ల స్టూడియోలోనూ రెండు భాషలూ ఒకే యిసుకమీద కూర్చున్నాయి.

మనలో కొందరు తాతల కాలంలో వచ్చారు, కొందరు నిన్నమొన్న ఉద్యోగాలకు వచ్చారు. పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు చదువుతున్నారు. చదవవలసిందే, అన్నం పెట్టే ఊరి భాష. యింటి భాష కోసం బళ్లూ, పుస్తకాలూ కావాలని మనం యేటా తీర్మానాలు చేస్తాము. యీ యేడు ఇంకొక చిన్న పని చేద్దామని మనవి. నెలకొక ఆదివారం యీ హాలులోనే ఒక పాత బొమ్మ వేద్దాం. తెలుగైనా సరే, కన్నడమైనా సరే. కింద అక్షరాలు వద్దు. ప్రతి పిల్లవాని పక్కనా ఒక పెద్దవారు కూర్చుని చెప్పాలి. వీలయితే ఆ చెప్పే గొంతును ఫోనులో పట్టి వుంచాలి. మా నాయన విషయంలో నాకు ఆ వీలు లేకపోయింది. మీకు వుంది.

మరునాడు మేమిద్దరం "గూఢచారి 116" చూశాము. మనవరాలికి కన్నడం బాగా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. కాసేపటికొకసారి "యేమన్నాడు తాతా?" అని అడిగింది. చెబుతూ వచ్చాను. చివర దొంగ దొరికినప్పుడు కూడా అడిగింది. కృష్ణ యేమన్నాడో నేను సరిగా వినలేదు. "చెనక్కాయలు తిన్నవాడు మూతి తుడుచుకుంటాడు గాని, పొట్టెక్కడ దాస్తాడురా అన్నాడమ్మా" అని చెప్పాను. పిల్ల పకపక నవ్వింది. ఆరుద్రగారి ఆత్మ నన్ను మన్నించాలి.

పులిహోర చల్లారకముందే సెలవు తీసుకుంటాను.